సెల్స్ సెలెక్ట్ చేయడానికి ఏ షార్ట్‌కట్ ఎవరికి? కాటా షీట్, లాడ్జి రిజిస్టరు, పాల లెక్కలతో ఒక పోలిక

మౌస్ నొక్కిపట్టి కిందికి లాగుతుంటే షీట్ ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఆపేసరికి కావలసిన వరుస ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైకి లాగితే మళ్ళీ అదే తంతు. కీబోర్డు వాడితే ఈ తిప్పలు ఉండవని అందరికీ తెలుసు, కానీ ఏ కీలు వాడాలన్న దగ్గర చిక్కు వస్తుంది. వెతికితే దొరికే జాబితాలు పదుల కొద్దీ షార్ట్‌కట్లను ఒకే గాట కట్టి మన ముందు పడేస్తాయి. వాటిలో సెల్స్ సెలెక్ట్ చేయడానికి రోజూ అక్కరకొచ్చే పద్ధతులు ఎనిమిదికి మించవు. ఆ ఎనిమిదిలోనూ ఒక్కొక్కరికి రెండు మూడు చాలు. అవి ఏవన్నది మీ షీట్‌ను బట్టి ఉంటుంది, ముఖ్యంగా అందులో ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా విండోస్ కంప్యూటర్‌లోని ఎక్సెల్ గురించి. లిబ్రెఆఫీస్, గూగుల్ షీట్స్ ఎక్కడ వేరుగా నడుస్తాయో తరువాత చెబుతాను.

## పోలికకు మూడు షీట్లు

ఊహలో మాట్లాడుకుంటే షార్ట్‌కట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని మన ప్రాంతంలో రోజూ కనిపించే మూడు రకాల షీట్లను ముందు పెట్టుకుందాం.

మొదటిది మామిడి కాటా షీట్. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి తోలే ర్యాంపులో, అంటే రైతుల కాయలు తూకం వేసి పంపే చోట, రాసుకునేది. 1వ వరుసలో శీర్షికలు. 2 నుంచి 641 వరకు వరుసకొక లోడు. 642లో మొత్తాలు. ఎ కాలమ్‌లో తేదీ, ఆపైన వరుసగా బండి నంబరు, రైతు పేరు, నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, ఎఫ్‌లో నికర బరువు. 2025 సీజనులో తోతాపురికి కిలోకు 12 రూపాయలని ప్రకటించి, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. కాబట్టి జి కాలమ్‌లో ఫ్యాక్టరీ సొమ్ము, హెచ్ కాలమ్‌లో ప్రభుత్వ సొమ్ము అనుకుందాం. ఈ హెచ్ కాలమ్ మీద కన్నేసి ఉంచండి. డబ్బు జమ అయిన రైతు వరుసలోనే అంకె ఉంటుంది, మిగతావి ఖాళీ.

రెండోది తిరుపతి బస్టాండు పరిసరాల్లోని ఒక లాడ్జి రిజిస్టరు. పైన లాడ్జి పేరు అన్ని కాలమ్‌ల మీదుగా విలీనం (మెర్జ్) చేసిన ఒకే పెద్ద సెల్‌లో ఉంటుంది. ఆ రోజు తేదీని మొదటి గదికే రాస్తారు, కింది వరుసల్లో రాయరు. రోజుకూ రోజుకూ మధ్య అందం కోసం ఒక వరుస వదిలేస్తారు.

మూడోది పాల కేంద్రం షీట్. ఉదయం, సాయంత్రం లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాల శాతం), రేటు, సొమ్ము. బిల్లు గడువు పూర్తయినప్పుడల్లా ఒక ఉపమొత్తం. పాత వరుసలు అడ్డంగా ఉన్నాయని దాచిపెట్టేస్తారు.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే పెద్ద విషయం ఖాళీలు. కాలమ్ మధ్యలో అక్కడక్కడ ఒక సెల్ ఖాళీగా ఉండటం వేరు, ఒక వరుస మొత్తం ఖాళీగా ఉండటం వేరు. కొన్ని షార్ట్‌కట్లు మొదటి రకం ఖాళీ దగ్గర ఆగిపోతాయి, కొన్ని రెండో రకం దగ్గర మాత్రమే ఆగుతాయి. ఇంకొన్ని దేన్నీ పట్టించుకోవు. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతాదంతా సులువు.

రెండోది శీర్షికల వరుస, మొత్తాల వరుస. అవి మీకు సెలెక్షన్‌లో కావాలా, వద్దా? ప్రింటు తీయడానికి కావాలి. వరుసలను ఒక క్రమంలో పేర్చడానికి, అంటే సార్ట్ చేయడానికి, మొత్తాల వరుస ససేమిరా వద్దు.

మూడోది, దాచిన వరుసలున్నాయా అన్నది. తెరపై కనిపించనంత మాత్రాన అవి సెలెక్షన్‌లో లేనట్టు కాదు.

మీ కీబోర్డు సంగతి కూడా చూసుకోండి. చిన్న ల్యాప్‌టాప్‌లలో హోమ్, ఎండ్ కీలు విడిగా ఉండవు, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. నాలుగు వేళ్ళు ఒకేసారి పట్టే షార్ట్‌కట్ ఎంత గొప్పదైనా ఎక్కువ రోజులు వాడరు.

| పద్ధతి | కాలమ్‌లో ఖాళీ సెల్ ఉంటే | శీర్షిక, మొత్తం కలుస్తాయా | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|
| షిఫ్ట్ + బాణం | పట్టించుకోదు | మీ చేతిలో పని | పది పదిహేను సెల్స్, చివరి సవరింపు |
| కంట్రోల్ + షిఫ్ట్ + బాణం | దాని ముందే ఆగుతుంది | మొదలుపెట్టిన చోటి నుంచి. మొత్తం ఆనుకుని ఉంటే అదీ వస్తుంది | నిండుగా ఉన్న పొడవాటి కాలమ్ |
| కంట్రోల్ + ఎ | పట్టించుకోదు. వరుసంతా ఖాళీ అయితే ఆగుతుంది | రెండూ వస్తాయి | మొత్తం పట్టికను కాపీ చేయడం |
| కంట్రోల్ + స్పేస్, షిఫ్ట్ + స్పేస్ | పట్టించుకోదు | షీట్ చివరిదాకా అన్నీ వస్తాయి | వెడల్పు, రంగు, వరుస తీసేయడం |
| కంట్రోల్ + షిఫ్ట్ + ఎండ్ | పట్టించుకోదు | మొదలుపెట్టిన చోటి నుంచి అన్నీ వస్తాయి, ఒక్కోసారి అక్కర్లేనివి కూడా | ఎడాపెడా ఖాళీలున్న శుభ్రమైన షీట్ |
| నేమ్ బాక్స్ | పట్టించుకోదు | మీరు రాసినంత మేరే | కచ్చితమైన హద్దులు తెలిసినప్పుడు |
| ఎఫ్8 | కదిపే బాణాన్ని బట్టి | మీ చేతిలో పని | కళ్ళతో చూస్తూ హద్దు వెతకడం |
| ఆల్ట్ + సెమీకోలన్ | వర్తించదు | ముందు సెలెక్ట్ చేసినదాన్ని బట్టి | దాచిన వరుసలను వదిలేయడం |

## కంట్రోల్ + షిఫ్ట్ + బాణం

ఒక్కటే నేర్చుకుంటానంటే ఇదే నేర్చుకోండి. కానీ దీని నడక అర్థం చేసుకుని నేర్చుకోండి. అది తెలియకుండా వాడేవాళ్ళే ఎక్కువ.

పక్క సెల్ నిండి ఉంటే, వరుసగా నిండి ఉన్న సెల్స్ ఎక్కడ ముగుస్తాయో అక్కడిదాకా సెలెక్షన్ సాగుతుంది. పక్క సెల్ ఖాళీగా ఉంటే, ఆ ఖాళీలన్నీ దాటి తరువాత నిండి ఉన్న సెల్ మీద వాలుతుంది. అలాంటిది ఏదీ లేకపోతే షీట్ అంచుకు, అంటే 10,48,576వ వరుసకు చేరుతుంది.

కాటా షీట్‌లో జి2 మీద కర్సరు పెట్టి కంట్రోల్ + షిఫ్ట్ + కింది బాణం నొక్కితే 642 దాకా ఒక్క ఊపులో వస్తుంది. 642 మొత్తాల వరుస కదా, దాన్ని వదిలించుకోవడానికి షిఫ్ట్ + పై బాణం ఒకసారి నొక్కితే సరి. ఇప్పుడు ఇదే పని హెచ్2 నుంచి చేయండి. 20వ వరుసలోని రైతుకు ప్రభుత్వ సొమ్ము పడలేదనుకుంటే సెలెక్షన్ 19 దగ్గర ఆగిపోతుంది. తెర మీద చూస్తే ఏదో సెలెక్ట్ అయినట్టే ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో ఒక మొత్తం కూడా కనిపిస్తుంది. ఆ మొత్తం పద్దెనిమిది లోడ్లదే. దాన్నే సీజను మొత్తం అనుకుని ఫోనులో చెప్పేశారంటే ఆపైన వచ్చే గొడవ తెలిసిందే.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, కీలు వదలకుండా కింది బాణాన్ని అదేపనిగా నొక్కుతూ షీట్ అట్టడుగుకు వెళ్ళి, అక్కడి నుంచి కంట్రోల్ + షిఫ్ట్ + పై బాణం నొక్కడం. కింది నుంచి పైకి వచ్చేటప్పుడు మొదట తగిలేది చివరి నిండు సెల్ కాబట్టి మధ్య ఖాళీలతో పేచీ ఉండదు. రెండోది, పట్టిక మొత్తం కావాలంటే ఖాళీలు లేని కాలమ్ నుంచి మొదలుపెట్టడం. ఎ2లో కర్సరు ఉంచి ముందు కంట్రోల్ + షిఫ్ట్ + కింది బాణం, ఆ తరువాత షిఫ్ట్ వదలకుండా కుడి బాణాన్ని కావలసినన్ని సార్లు నొక్కండి. తేదీ లేని లోడు ఉండదు కాబట్టి ఎ కాలమ్ నమ్మకమైన వెన్నెముక. మీ షీట్‌లో అలాంటి కాలమ్ లేకపోతే ఒక క్రమసంఖ్య కాలమ్ చేర్చుకోండి.

ఇంకో మెలిక ఉంది. కంటికి ఖాళీగా కనిపించే సెల్‌లో ఫార్ములా ఉంటే ఎక్సెల్ దృష్టిలో అది ఖాళీ కాదు. వెయ్యి వరుసలకు ముందే ఫార్ములా లాగి పెట్టుకున్న షీట్‌లో, లోడ్లు మూడు వందలే ఉన్నా, సెలెక్షన్ వెయ్యి దాకా పోతుంది. ఎవరో పొరపాటున స్పేస్ కొట్టి వదిలేసిన సెల్ కూడా అంతే.

## కంట్రోల్ + ఎ

దీన్ని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. నేర్పేవాళ్ళంతా మొదట దీన్నే నేర్పుతారు. కర్సరు పట్టికలో ఉండగా ఒకసారి నొక్కితే ఆ పట్టిక, మళ్ళీ నొక్కితే షీట్ మొత్తం. పట్టిక ఎక్కడ ముగుస్తుందన్నది పూర్తిగా ఖాళీగా ఉన్న వరుస, కాలమ్ చూసి ఎక్సెల్ తేల్చుకుంటుంది. హెచ్ కాలమ్‌లో చెదురుమదురుగా ఉన్న ఖాళీలు దీనికి లెక్కే కాదు. అది దీని బలం.

బలహీనత ఏమిటంటే శీర్షికలు, మొత్తాలు అన్నీ వచ్చేస్తాయి. కాటా షీట్‌ను ఇలా సెలెక్ట్ చేసి నికర బరువు ప్రకారం సార్ట్ చేస్తే 642వ వరుసలోని మొత్తం కూడా లోడ్లతో పాటు కదులుతుంది. మొత్తాల వరుసకు పైన ఒక వరుస ఖాళీగా వదిలేస్తే ఈ బెడద తీరుతుంది. కంట్రోల్ + ఎ అక్కడితో ఆగుతుంది, పై పద్ధతిలో షిఫ్ట్ + పై బాణం నొక్కే పనీ తప్పుతుంది.

లాడ్జి రిజిస్టరులో కథ తలకిందులు. రోజుల మధ్య ఖాళీ వరుసలు ఉన్నందువల్ల కంట్రోల్ + ఎ నొక్కితే కర్సరు ఉన్న రోజు మాత్రమే సెలెక్ట్ అవుతుంది. నెల మొత్తం కావలసినవారికి అది విసుగు. ఆ రోజు వసూలు ఎంతో చూసుకోవలసిన మేనేజరుకు మాత్రం ఇంతకంటే సుఖమైన దారి లేదు. రోజులో ఏ గది మీద కర్సరు ఉన్నా ఫరవాలేదు, ఒక్క నొక్కుతో ఆ రోజంతా వస్తుంది. ఇందులో గది నంబర్లు, ఎక్సెల్ లోపల అంకెగానే ఉండే తేదీ కూడా కలిసి కూడిక తప్పుతుంది కదా అంటారేమో. నిజమే. గది నంబర్లను, తేదీని అంకెలుగా కాక పాఠ్యంగా (టెక్స్ట్‌గా) రాస్తే అవి కూడికలోకి రావు.

కాటా షీట్ లాంటి పద్ధతైన జాబితా ఉన్నవారు కంట్రోల్ + టి నొక్కి దాన్ని ఎక్సెల్ టేబుల్‌గా మార్చుకుంటే ఈ పోలిక సగం అక్కర్లేదు. మార్చే ముందు 642వ వరుసను తీసేయండి, మొత్తాల వరుసను టేబుల్‌లోని టోటల్ రో ఎంపికతో పెట్టుకోవచ్చు. ఆపైన కంట్రోల్ + ఎ మొదటిసారి శీర్షికలు లేకుండా లోడ్లను మాత్రమే పట్టుకుంటుంది. రెండోసారి నొక్కితే శీర్షికలూ కలుస్తాయి, మూడోసారికి షీట్ మొత్తం. కంట్రోల్ + స్పేస్ కూడా టేబుల్‌లో బుద్ధిగా ఉంటుంది. హెచ్ కాలమ్‌లో ఎక్కడ నిలబడి నొక్కినా, ఖాళీలున్నా సరే, 2 నుంచి 641 దాకా తెచ్చిపెడుతుంది. నా మటుకు నాకు కాటా షీట్‌కు ఇదే సరైన దారి. విలీనం చేసిన సెల్స్ ఉంటే టేబుల్ వాటిని విడగొట్టేస్తుంది కాబట్టి లాడ్జివారు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

## కంట్రోల్ + స్పేస్, షిఫ్ట్ + స్పేస్

మొదటిది కాలమ్ మొత్తం, రెండోది వరుస మొత్తం. కాలమ్ వెడల్పు, అంకెల రూపం, రంగు మార్చడానికి ఇవి చాలు. షిఫ్ట్ + స్పేస్ తరువాత కంట్రోల్ + మైనస్ నొక్కితే ఆ వరుస పోతుంది. రెండుసార్లు ఎక్కించిన లోడును తీసేయడానికి ఇదే వేగం. లెక్కలను ఇంకో ఫైలుకు కాపీ చేయడానికి మాత్రం వాడకండి, లక్షల ఖాళీ సెల్స్‌ను వెంటేసుకుని వెళ్తారు.

లాడ్జి రిజిస్టరులో కంట్రోల్ + స్పేస్ నొక్కి చూడండి. పైన విలీనం చేసిన పేరు ఎన్ని కాలమ్‌ల మీద పరుచుకుని ఉందో అన్ని కాలమ్‌లూ సెలెక్ట్ అవుతాయి. ఇది షార్ట్‌కట్ తప్పు కాదు, విలీనం చేసిన సెల్ చేసే నిర్వాకం. విలీనం తీసేసి, పేరును ఎడమ చివరి సెల్‌లోనే రాసి, ఆ కాలమ్‌లన్నిటి మీదుగా ఆ వరుస సెల్స్‌ను సెలెక్ట్ చేసి, ఫార్మాట్ సెల్స్‌లోని అలైన్‌మెంట్ భాగంలో సెంటర్ ఎక్రాస్ సెలెక్షన్ ఎంచుకుంటే పేరు మధ్యలోనే కనిపిస్తుంది, సెల్స్ విడివిడిగానే ఉంటాయి.

మ్యాక్ వాడేవారికి ఒక మాట. తెలుగు, ఇంగ్లిషు కీబోర్డుల మధ్య మారడానికి మ్యాక్ కూడా కంట్రోల్ + స్పేస్‌నే వాడుకుంటుంది. కాలమ్ సెలెక్ట్ కాకుండా భాష మారిపోతుంటే కారణం అదే. సిస్టమ్ సెట్టింగులలో రెండింటిలో ఒకదాన్ని మార్చుకోవాలి.

## కంట్రోల్ + షిఫ్ట్ + ఎండ్

కర్సరు ఉన్న చోటి నుంచి షీట్‌లో వాడిన చివరి సెల్ దాకా సెలెక్ట్ చేస్తుంది. ఖాళీలు ఎన్ని ఉన్నా ఆగదు కాబట్టి లాడ్జి రిజిస్టరులో నెల మొత్తం తీయడానికి పనికొస్తుంది. ఇబ్బందల్లా వాడిన చివరి సెల్ అంటే ఎక్సెల్ ఏమనుకుంటుందన్న దగ్గరే. ఎప్పుడో 3,000వ వరుసలో రంగు పూసి వదిలేసినా, రాసి చెరిపేసినా అది లెక్కలోకి వస్తుంది. అడుగున మిగిలిన వరుసలను సెలెక్ట్ చేసి, చెరపడం కాకుండా పూర్తిగా డిలీట్ చేసి, ఫైలును సేవ్ చేస్తే హద్దు మళ్ళీ వెనక్కి వస్తుంది. చేతులు మారుతూ వచ్చిన ఫైళ్ళలో ఈ షార్ట్‌కట్‌ను నమ్మకపోవడమే మంచిది.

## నేమ్ బాక్స్

ఫార్ములా బార్‌కు ఎడమ పక్కన కర్సరు ఉన్న సెల్ పేరు చూపించే చిన్న పెట్టె ఇది. చాలామంది దాన్ని చూడటానికే తప్ప రాయడానికి వాడరు. అందులో హెచ్2, కోలన్, హెచ్641 అని రాసి ఎంటర్ కొడితే సరిగ్గా అంతే సెలెక్ట్ అవుతుంది. ఒక సెల్ ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఖాళీలు, ఫార్ములాలు, దాచిన వరుసలు, దేని గొడవా లేదు. మధ్యలో కామా పెట్టి సి2 నుంచి సి641, హెచ్2 నుంచి హెచ్641 అని రెండు ముక్కలు కూడా ఒకేసారి రాయవచ్చు. రైతు పేరు, అతనికి పడిన సొమ్ము మాత్రమే కాపీ చేసుకుని ఎవరికైనా పంపాలంటే ఇది సరిపోతుంది. చేయి మౌస్ మీదికి పోకూడదనుకుంటే కంట్రోల్ + జి నొక్కండి, వచ్చే గో టు పెట్టెలో ఇవే హద్దులు రాయవచ్చు.

ప్రతిసారీ అదే భాగం కావలసినవారు దానికి ఒక పేరు పెట్టుకోవచ్చు. సెలెక్ట్ చేసి, నేమ్ బాక్స్‌లో స్పేస్ లేని పేరు ఒకటి రాసి ఎంటర్ కొడితే చాలు. ఆ తరువాత పెట్టెలో పేరు రాయగానే భాగం వస్తుంది. పాల కేంద్రంలో ఒక్కో గడువుకు ఒక్కో పేరు పెట్టుకుంటే పాత బిల్లు ఎవరైనా అడిగినప్పుడు వెతుకులాట ఉండదు.

లోటు ఒకటే. చివరి వరుస ఎంతో మీకు తెలిసి ఉండాలి. రోజూ పెరిగే షీట్‌లో హద్దులు రోజూ మారతాయి.

## ఎఫ్8, షిఫ్ట్ + బాణం

షిఫ్ట్ + బాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్కో సెల్ చొప్పున పెంచుతుంది, తగ్గిస్తుంది. పెద్ద సెలెక్షన్‌ను ఒకటి రెండు సెల్స్ మేర సరిదిద్దడమే దాని అసలు ఉపయోగం.

ఎఫ్8 మాత్రం అన్యాయంగా మూలన పడిపోయిన కీ. ఒకసారి నొక్కి వదిలేస్తే షిఫ్ట్ నొక్కిపట్టినట్టే లెక్క. స్టేటస్ బార్‌లో ఎక్స్‌టెండ్ సెలెక్షన్ అన్న మాట కనిపిస్తుంది. ఆపైన బాణాలు, పేజ్ డౌన్, ఎండ్, ఏది నొక్కినా సెలెక్షన్ సాగుతుంది. ఎస్కేప్ నొక్కితే ఆగుతుంది. చేతి మణికట్టు నొప్పి ఉన్నవారికి, ఒక చేత్తో బిల్లుల కట్ట తిప్పుతూ రెండో చేత్తో కీబోర్డు నొక్కేవారికి ఇది వరం.

దీని సత్తా ఎక్కడ తెలుస్తుందంటే, హద్దును కళ్ళతో చూసి తేల్చుకోవలసిన పనిలో. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు 66 మండలాల పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య పంచుకుపోయింది. పాత జాబితాలు ఇంకా మీ దగ్గర ఉంటే ఆ విడదీత పని ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. మండలం పేరు ప్రకారం సార్ట్ చేసిన జాబితాలో చంద్రగిరి మొదటి వరుస మీద షిఫ్ట్ + స్పేస్, ఆ తరువాత ఎఫ్8 నొక్కండి. పేజ్ డౌన్‌తో కిందికి వెళ్తూ చంద్రగిరి ముగిసిన చోట బాణంతో ఒకటి రెండు వరుసలు సర్దుకోండి. జాబితాలో ఖాళీలు లేవు కాబట్టి కంట్రోల్ + షిఫ్ట్ + బాణం అట్టడుగుదాకా పోతుంది. నేమ్ బాక్స్‌కు చివరి వరుస తెలియాలి. ఎఫ్8కు ఆ రెండు బాధలూ లేవు. ఫిల్టరు పెట్టి తీయడం తెలిసినవారు ఆ దారిన వెళ్ళినా తప్పు లేదు.

షిఫ్ట్ + ఎఫ్8 దూరదూరంగా ఉన్న ముక్కలను ఒకదానికొకటి చేర్చడానికి. ఇది కొంచెం మొండిది. స్టేటస్ బార్‌లో ఆ సూచన పోయినట్టు అనిపిస్తే మళ్ళీ నొక్కుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క పనికి కంట్రోల్ నొక్కిపట్టి మౌస్‌తో క్లిక్ చేయడమే హాయి. ఎలా చేసినా, విడివిడి ముక్కలను ఒకేసారి కట్ చేయడానికి ఎక్సెల్ ఒప్పుకోదు. కాపీకి కూడా అవి ఒకే వరుసల్లోనో ఒకే కాలమ్‌లలోనో ఉంటేనే ఒప్పుకుంటుంది.

## ఆల్ట్ + సెమీకోలన్, ఖాళీలను ఏరే గో టు స్పెషల్

ఈ రెండూ సెలెక్ట్ చేసినదాన్ని జల్లెడ పట్టే సాధనాలు. ముందు వేరే పద్ధతిలో భాగాన్ని పట్టుకోవాలి, ఆ తరువాత ఇవి.

పాల కేంద్రం షీట్‌లో పాత వరుసలు దాచి ఉన్నాయి. కనిపించే భాగాన్ని కాపీ చేసి కొత్త ఫైలులో అతికిస్తే దాచినవన్నీ బయటపడతాయి. ఫిల్టరుతో కనుమరుగైన వరుసలను ఎక్సెల్ తానే వదిలేస్తుంది కానీ, చేత్తో దాచినవాటిని, గుంపుగా మడిచినవాటిని వదలదు. భాగం సెలెక్ట్ చేశాక ఆల్ట్ + సెమీకోలన్ నొక్కి, అప్పుడు కాపీ చేస్తే కనిపించేవి మాత్రమే వెళ్తాయి. ఉపమొత్తాలు మాత్రమే ఉన్న జాబితా తయారు చేయడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

లాడ్జి రిజిస్టరుకు అసలు మందు గో టు స్పెషల్‌లో ఉంది. తేదీ మొదటి గదికే రాసి ఉందని చెప్పుకున్నాం. కింది వరుసలన్నిటికీ ఆ తేదీ రావాలంటే ముందు రోజుల మధ్య ఖాళీ వరుసలు తీసేయండి. తేదీ కాలమ్‌లో మొదటి తేదీ నుంచి చివరి గది దాకా నేమ్ బాక్స్‌తో సెలెక్ట్ చేయండి. కంట్రోల్ + జి నొక్కి స్పెషల్ బటన్, అందులో బ్లాంక్స్ ఎంచుకోండి. ఖాళీ సెల్స్ మాత్రమే మిగులుతాయి. ఎక్కడా క్లిక్ చేయకుండా సమానం గుర్తు, పై బాణం, ఆ తరువాత కంట్రోల్ + ఎంటర్. ప్రతి ఖాళీలోకీ దాని పైనున్న తేదీ దిగుతుంది. ఆ కాలమ్‌ను కాపీ చేసి అక్కడే విలువలుగా అతికిస్తే ఫార్ములాలు పోయి తేదీలు నిలుస్తాయి. ఈ పని ఒకసారి చేస్తే రిజిస్టరు కూడా కాటా షీట్‌లా నిండుగా తయారవుతుంది, ఆపైన కంట్రోల్ + షిఫ్ట్ + బాణమూ నడుస్తుంది, టేబుల్‌గానూ మార్చుకోవచ్చు.

## ఎక్సెల్ కాకపోతే

| పని | లిబ్రెఆఫీస్ క్యాల్క్ | గూగుల్ షీట్స్ |
|---|---|---|
| నిండు సెల్స్ చివరిదాకా | కంట్రోల్ + షిఫ్ట్ + బాణం | అదే |
| కాలమ్, వరుస | కంట్రోల్ + స్పేస్, షిఫ్ట్ + స్పేస్ | అవే |
| కర్సరు ఉన్న పట్టిక | కంట్రోల్ + అంకెల ప్యాడ్‌లోని గుణకారం గుర్తు | కంట్రోల్ + ఎ |
| ఎఫ్8తో సాగదీయడం | ఉంది | వాడకండి |

క్యాల్క్‌లో కంట్రోల్ + ఎ మొదటి నొక్కుకే షీట్ మొత్తాన్ని పట్టుకుంటుంది. ఎక్సెల్ అలవాటుతో వచ్చినవారు ఇక్కడే తడబడతారు. గూగుల్ షీట్స్‌లో కొత్త షీట్ 1,000 వరుసలతో మొదలవుతుంది కాబట్టి హద్దు దాటి పోయినా పెద్దగా దూరం పోదు. పాత ఎక్సెల్ రూపంలో సేవ్ చేసిన ఫైళ్ళలో వరుసలు 65,536 మాత్రమే. అట్టడుగుకు వెళ్ళినప్పుడు ఆ అంకె కనిపిస్తే కంగారు పడకండి.

## ఎవరికి ఏవి

ర్యాంపులో, ఫ్యాక్టరీ కాటా దగ్గర ఎంట్రీలు చేసేవారు: కంట్రోల్ + టి చేసిన షీట్, కంట్రోల్ + స్పేస్, షిఫ్ట్ + స్పేస్. టేబుల్ వద్దనుకుంటే కంట్రోల్ + షిఫ్ట్ + బాణం, షిఫ్ట్ + పై బాణం.

లాడ్జి మేనేజరు: రోజువారీ వసూలుకు కంట్రోల్ + ఎ. నెలాఖరున ఆడిటరుకు పంపే ముందు గో టు స్పెషల్.

పాల కేంద్రం కార్యదర్శి: నేమ్ బాక్స్‌లో పేర్లు, ఆల్ట్ + సెమీకోలన్. మిగతావి తరువాత నేర్చుకోవచ్చు.

కంప్యూటర్ సెంటరులో నేర్చుకుంటున్న విద్యార్థులు: అన్నీ కావాలి కానీ, కంట్రోల్ + షిఫ్ట్ + బాణం ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో కాగితం మీద గళ్ళు గీసి ఊహించి, అప్పుడు నొక్కి చూడండి. కంఠతా పట్టిన జాబితా ఇంటర్వ్యూ దాటాక గుర్తుండదు.

కీలు నొక్కుతున్నా కర్సరు కదలకుండా షీటే కదులుతుంటే స్క్రోల్ లాక్ పడి ఉందని అర్థం. కీబోర్డులో ఆ కీ లేకపోతే విండోస్ తెర మీది కీబోర్డు తెరిచి అక్కడ తీసేయవచ్చు. ఎఫ్8 నొక్కితే ధ్వనో వెలుతురో మారుతుంటే ఎఫ్ఎన్ కలిపి నొక్కండి.

ఏ పద్ధతిలో సెలెక్ట్ చేసినా, డిలీట్‌కో సార్ట్‌కో ముందు కంట్రోల్ + చుక్క నొక్కండి. ఒక్కో నొక్కుకు కర్సరు సెలెక్షన్ నాలుగు మూలలకూ వరుసగా వెళ్తుంది, సెలెక్షన్ చెదరదు. కింది మూలలో మొత్తాల వరుస ఇరుక్కుందేమో చూసుకోండి. స్టేటస్ బార్‌లో కౌంట్ వైపు కూడా ఒక చూపు వేయండి. జి కాలమ్‌లో లోడ్లు 640 ఉంటే అక్కడ 640 రావాలి. కౌంట్ మాత్రమే కనిపించి మొత్తం కనిపించకపోతే ఆ అంకెలు పాఠ్యంగా పడ్డాయని అర్థం. అప్పుడు సరిచేయవలసింది సెలెక్షన్‌ను కాదు, ఆ కాలమ్‌ను.